గెలిచిన రాత్రి ఏడుపేంటి? చెల్లి గురించి, తెలిసినవాళ్లు చెప్పండి

లేన్_నాలుగు #1
మా చెల్లి స్విమ్మర్. ఐదేళ్లుగా జాతీయ జట్టులో ఉంది. ఇంతకంటే వివరాలు రాయను, ఎరిగినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. పోయిన నెల పెద్ద మీట్‌లో ఇంతవరకూ తను చెయ్యని టైమ్ చేసింది, పతకం వచ్చింది. ఆ రాత్రి ఫోన్ చేసి గంటసేపు ఏడ్చింది. సంతోషం పట్టలేక అనుకున్నా. కాదట. "గోడ తాకాను, బోర్డు చూశాను, ఏమీ అనిపించలేదు అన్నయ్యా" అంది.

అప్పట్నుంచీ నిద్ర లేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేవాల్సిన మనిషి మూడింటిదాకా కళ్లు తెరుచుకునే ఉంటోంది. ప్రాక్టీసు మాత్రం ఒక్క పూట మానలేదు, అందుకే బయట ఎవరికీ ఏమీ తెలీదు. ఓడినవాళ్లు కుంగిపోవడం చూశాం. గెలిచాక ఇదేంటి? ఎవరికి చూపించాలి? కోచ్‌కి చెప్తే నాతో మాట్లాడనంది, చెప్పనని ఒట్టు కూడా వేయించుకుంది.

సిల్లీ_పాయింట్ #2
మా ఇంట్లో ఓడినా ఏడవం, గెలిచినా ఏడవం. అసలు ఆడితే కదా!
అలసటండీ, ఇంకేం లేదు. ఓ వారం సెలవు పెట్టించండి, అదే సర్దుకుంటుంది.

మూడో_మెట్టు #3
వారం సెలవుతో పోయేదైతే ఫెల్ప్స్‌కి ఎప్పుడో పోయేది. ఆయనవి 28 ఒలింపిక్ పతకాలు, అందులో 23 స్వర్ణాలు. చెల్లెలిలాగే నీళ్లలో మనిషి. ఒక్కో ఒలింపిక్స్ అయ్యాక కుంగిపోయేవాణ్ణని, 2012 లండన్ తర్వాత రోజుల తరబడి గదిలోంచి బయటికి రాలేదని, బతకాలన్న కోరికే పోయిందని తనే చెప్పాడు. చికిత్స తీసుకుని 2016లో మళ్లీ వచ్చాడు.

అభినవ్ బింద్రా సంగతి ఇంకా దగ్గరగా ఉంటుంది మీ ప్రశ్నకి. 2008 బీజింగ్, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, భారత్‌కి వ్యక్తిగత విభాగంలో మొట్టమొదటి స్వర్ణం. తన జీవితంలో అతి పెద్ద మానసిక సంక్షోభం ఓడినప్పుడు కాదు, ఆ పతకం గెలిచాకే వచ్చిందని చాలా వేదికల మీద చెప్పాడాయన.

నేను వాళ్లంత కాదు, పతకాల వేదిక మీద మూడో మెట్టు దాకా ఎక్కినవాణ్ణి. ఏం జరుగుతుందంటే, ఏళ్ల తరబడి ఒక్క తేదీ కోసం బతుకుతాం. తిండి, నిద్ర, స్నేహాలు, అన్నీ ఆ తేదీకి కట్టేసి ఉంటాయి. ఆ తేదీ వెళ్లిపోతుంది. మర్నాడు పొద్దున లేస్తే కట్టుకొయ్యే ఉండదు. ఓడినవాడికైనా "మళ్లీ చూద్దాం" అని ఒక పని ఉంటుంది. గెలిచినవాడికి అది కూడా లేదు.

బౌండరీ_బాబాయ్ #4
మా రోజుల్లో ఇవేవీ లేవు. పడ్డాం, లేచాం, ఆడాం. ఇప్పుడు ప్రతిదానికీ ఒక పేరు, దానికో డాక్టరు.

గోడమీది_పిల్లి #5
మీ రోజుల్లో హెల్మెట్లు కూడా లేవు బాబాయ్. బంతి పళ్లు రాలగొట్టేది. అయినా పళ్ల డాక్టరు ఉండేవాడుగా?

బౌండరీ_బాబాయ్ #6
నవ్వండి నవ్వండి. ఒత్తిడి తట్టుకోవడమే ఆట అంటాను నేను. టోక్యో ఒలింపిక్స్‌లో ఆ జిమ్నాస్ట్ బైల్స్ అమ్మాయి జట్టు ఫైనల్ మధ్యలో తప్పుకుంది. తోటి అమ్మాయిల సంగతేంటి మరి? స్వర్ణం రావాల్సిన చోట రజతం వచ్చింది. దాన్ని ధైర్యం అని పొగిడారు.

దూకుడు_రాణి #7
ఈ విషయం వదలను బాబాయ్ గారూ, పదకొండేళ్లు జిమ్నాస్టిక్స్ చేశాను.

ఆ రోజు వాల్ట్‌లో, అంటే పరిగెత్తుకొచ్చి బల్ల మీద చేతులానించి ఎగిరే అంశంలో, ఆమె గాల్లో రెండున్నర చుట్లు తిరగాలి. ఒకటిన్నరకే ఆగిపోయింది. భయపడి కాదు, తను గాల్లో ఎక్కడుందో, ఏ వైపు నేలో తెలియక. దీన్ని మేం ట్విస్టీస్ అంటాం. చేతులూ కాళ్లూ బాగానే ఉంటాయి, మెదడుకీ ఒంటికీ మధ్య తీగ తెగిపోతుంది. కళ్లకి గంతలు కట్టుకుని మేడ మీంచి దూకి పాదాల మీదే దిగాలన్నట్టు ఉంటుంది. నాకు రెండుసార్లు వచ్చింది, రెండోసారి భుజం మీద పడ్డాను. అందరూ "బతికిపోయావ్" అన్నారు. అదే మెడ అయితే?

మెడ అయినవాళ్లూ ఉన్నారు. ఎలెనా ముఖినా. సోవియట్ అమ్మాయి, 1978 ప్రపంచ చాంపియన్. కాలు విరిగి పూర్తిగా అతుక్కోకముందే మళ్లీ దింపారు. 1980 మాస్కో ఒలింపిక్స్‌కి రెండు వారాల ముందు, ప్రాక్టీసులో, తనకి ఇష్టం లేని విన్యాసం చేస్తూ గడ్డం మీద పడింది. మెడ కింద నుంచి చచ్చుబడిపోయింది. 2006లో పోయేదాకా మంచం మీదే. ఆమెవి మీ రోజులే బాబాయ్ గారూ.

బైల్స్ సరిగ్గా వారానికి బీమ్ (సన్నటి దూలం) మీద కాంస్యం తీసుకుంది. 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు, ఒక రజతం. ఆ రోజు మొండిగా ఎక్కి ఉంటే ఇవేవీ ఉండేవి కావేమో.

బౌండరీ_బాబాయ్ #8
ముఖినా సంగతి నాకు తెలీదు. బైల్స్ గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. మిగతాది కాదు.

సిల్లీ_పాయింట్ #9
స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. బాబాయ్ వెనక్కి తగ్గడం ఈ ఫోరమ్‌లో ఇదే మొదటిసారి.

అంపైర్_మామ #10
క్రికెట్‌లో ఇది కొత్తేం కాదు, కొత్తగా బయటికి వచ్చింది అంతే. 2006లో ఇంగ్లండ్ ఓపెనర్ ట్రెస్కోథిక్ భారత్ టూర్ మధ్యలోనే ఇంటికి వెళ్లిపోయాడు. అసలు కారణం డిప్రెషన్ అని జనానికి తెలియడానికి చాలా కాలం పట్టింది. 2013లో జోనథన్ ట్రాట్, యాషెస్ మొదటి టెస్టు అవగానే వెళ్లిపోయాడు. 2019లో మాక్స్‌వెల్ "నా మనసు బాగా లేదు" అని నేరుగా చెప్పి ఆగాడు, 2021లో స్టోక్స్ కూడా అంతే. పదిహేనేళ్లలో మారింది జబ్బు కాదు, చెప్పే తీరు.

కోహ్లీని తీసుకోండి. 2014 ఇంగ్లండ్ టూర్‌లో ఐదు టెస్టుల్లో 134 పరుగులు. అప్పట్లో అందరం టెక్నిక్ అన్నాం, ఆఫ్ స్టంప్ బయట బంతి అన్నాం, నేనూ అన్నాను. ఆ టూర్‌లో డిప్రెషన్‌లో ఉన్నానని, చుట్టూ మనుషులు ఉన్నా ప్రపంచంలో నా అంత ఒంటరి లేడనిపించిందని 2021లో చెప్పాడు. ఏడేళ్ల తర్వాత! అప్పటికి ఎన్ని వేల పరుగులు చేశాడో చూడండి. అంత చేశాక గానీ చెప్పుకునే చనువు రాలేదు మనిషికి.

రిటైర్డ్_హర్ట్ #11
మామ గారు చివర్లో అన్నదే అసలు సంగతి. నా కథ చెప్తా, కొంచెం పొడుగు.

నేను గోల్‌కీపర్‌ని, ప్రొఫెషనల్ క్లబ్‌లో. పేరు వద్దు. మోకాలి లిగమెంట్ తెగింది, ఆపరేషన్, తొమ్మిది నెలలు. మొదటి నెల అందరూ వచ్చారు. మూడో నెలకి నా లాకర్ ఇంకొకడికి ఇచ్చేశారు, తప్పు పట్టను, వాడికీ చోటు కావాలి. నేనేమో సైకిల్ మీద కూర్చుని కిటికీలోంచి వాళ్ల ఆట చూస్తూ తొక్కేవాణ్ణి. ఎక్కడికీ వెళ్లని సైకిలు.

వారానికోసారి ఒక ఫారం ఇచ్చేవాళ్లు. నిద్ర ఎలా ఉంది, మూడ్ ఎలా ఉంది, ఒకటి నుంచి ఐదు. మొదటి వారం నిజం రాశా, రెండు వేశా. మర్నాడు అసిస్టెంట్ కోచ్ భుజం మీద చెయ్యేసి "ఏంటి, రెండు వేశావట?" అన్నాడు. మంచివాడే పాపం, బాగు కోరే అడిగాడు. కానీ ఆ "అట" దగ్గర నాకు అర్థమైపోయింది, ఆ కాగితం ఎక్కడెక్కడ తిరుగుతోందో. అప్పట్నుంచి ముప్ఫై ఏడు వారాలు నాలుగే వేశా. ఐదు వేస్తే అనుమానం వస్తుందని నాలుగు.

కాబట్టి లేన్_నాలుగు గారూ, చెల్లెలు కోచ్‌కి చెప్పొద్దన్నదంటే పిచ్చితనం కాదు. నీ గోడు వినేవాడూ, నిన్ను జట్టులోకి తీసుకునేవాడూ ఒక్కడే అయితే ఎవరు చెప్తారండీ?

మూడో_మెట్టు #12
ఒప్పుకోను. నేను నా కోచ్‌కే మొదట చెప్పా. ఆయనే రెండు మీట్లు తప్పించి, అడిగినవాళ్లకి "వెన్ను నొప్పి" అని చెప్పాడు. కోచ్‌లందరూ ఒకటి కాదు.

రిటైర్డ్_హర్ట్ #13
మీ కోచ్ మంచివాడే. మరి వెన్ను నొప్పి అని ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటారు?

మూడో_మెట్టు #14
...సరే. ఆ మాట నిజమే.

బరువుకాటా #15
మీరంతా నిద్ర, మూడ్ అంటున్నరు. తిండి గురించి ఎవ్వరూ అంటలేరు. నేను కుస్తీ పట్టినోణ్ణి, తొమ్మిదేండ్లు. తూకం ముందు రెండు రోజులు నీళ్లు బంద్. ప్లాస్టిక్ సూటేసుకొని ఉరుకుడు, ఆవిరి గదిల కూసునుడు, నోట్లె ఉమ్మి సుత ఊసుడే. కాటా మీద నిలబడ్డంక పాసైతే ఏడుపొస్తది, ఫెయిలైతే ఏడుపు సుత రాదు, ఒంట్లె నీళ్లుంటే గద.

పారిస్‌ల వినేశ్ ఫోగాట్‌ను చూడుండ్రి. 50 కిలోల ఫైనల్ దాక పోయింది, పొద్దుగాల తూకంల 100 గ్రాములు ఎక్కువచ్చింది, తీసేసిన్రు. లోకమంత పతకం పాయె అని ఏడ్సింది. ఆ రాత్రంత ఆ పిల్ల ఎట్ల ఉరికిందో, ఏం తినలే ఏం తాగలే, అది మాత్రం మాకే ఎరుక. నేను ఆట బంద్ చేసి ఆరేండ్లయింది, ఇప్పటికీ అన్నం ముందల కూసుంటే మనసుల కాటా తిరుగుతది.

గోడమీది_పిల్లి #16
దీని మీద జోక్ వెయ్యబుద్ధి కావట్లేదన్నా.

తెల్లకోటు #17
క్రీడా వైద్యంలో ఉన్నాను. ఇక్కడ కూర్చుని ఎవరికీ జబ్బు పేరు పెట్టను, కానీ కొన్ని సంగతులు తేల్చాలి.

మొదట, ఇది అరుదు కాదు. 2019లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ఆటలో ఉన్న అగ్రశ్రేణి క్రీడాకారుల్లో సుమారు 34 శాతం మందిలో ఆందోళన, డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. ఆట మానేసినవాళ్లలో 26 శాతం. లక్షణాలు అన్నాను, జబ్బు ఖాయమైందని కాదు. ఆ ఏడాదే అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీని మీద నిపుణుల ఉమ్మడి ప్రకటన తెచ్చింది. తర్వాత క్రీడాకారుల కోసమే ఒక పరీక్షా పద్ధతి తయారుచేసింది, అది మొదలయ్యేది పది ప్రశ్నల చిన్న పత్రంతో. పత్రం మంచిదే. కానీ #11లో చెప్పినట్టు అది కోచ్ బల్ల మీదికి వెళ్తే చిత్తు కాగితమే. వైద్యుడి దగ్గర చెప్పింది వైద్యుడి దగ్గరే ఉండాలి. జట్టు జీతం ఇచ్చే సైకాలజిస్టయినా సరే, మొదటి రోజే అడగండి: "నేను చెప్పేది ఎవరికి వెళ్తుంది?" సమాధానం నసిగితే బయటివాళ్ల దగ్గరికి వెళ్లండి.

రెండోది, ఒంటిని కూడా చూడాలి. మితిమీరిన శిక్షణ అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది: నిద్ర పట్టదు, చిరాకు, దేని మీదా మనసు పోదు. ఖర్చయ్యే శక్తికి తగ్గ తిండి లేకపోయినా అంతే. అప్పుడు ఆడపిల్లల్లో నెలసరి తప్పుతుంది, ఎముకలు బలహీనపడతాయి. ఐరన్, థైరాయిడ్ పరీక్షలు ముందు చేయించండి. అవి బాగున్నంత మాత్రాన మనసు బాగున్నట్టు కాదు. రెండూ కలిసి ఉండటమే ఎక్కువగా చూస్తాం.

మూడోది మందులు. "డోపింగ్‌లో దొరికిపోతాం" అని చాలామంది మాత్రలంటేనే పారిపోతారు. మామూలుగా వాడే డిప్రెషన్ మందులు ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధ జాబితాలో లేవు. ఏకాగ్రత లోపానికి ఇచ్చే కొన్ని ఉత్తేజక మందులు మాత్రం పోటీ సమయంలో నిషిద్ధం, వాటికి ముందస్తు మినహాయింపు అనుమతి ఉంటుంది. 2016లో హ్యాకర్లు ఆ సంస్థ ఫైళ్లు బయటపెట్టినప్పుడు బైల్స్ పేరు మీద ఉన్నది ఆ అనుమతే. ఆమె దాచలేదు, చిన్నప్పట్నుంచీ ఆ మందు వాడుతున్నానని చెప్పేసింది. ఏ మందైనా వేసుకునే ముందు ఆ ఏటి జాబితాలో చూసుకోండి.

ఆఖరిది ముఖ్యం. "బతకాలని లేదు" అనిగానీ, అలాంటి అర్థం వచ్చేలాగానీ అన్నదంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. నేరుగా అడగండి కూడా. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్నది అపోహ.

సిల్లీ_పాయింట్ #18
డాక్టర్ గారూ, ఒక సందేహం. ఫోన్ లాక్కుంటే సగం తగ్గదా? మ్యాచ్ పోతే కింద కామెంట్లు చూశారా ఎప్పుడైనా?

దూకుడు_రాణి #19
టెన్నిస్ వాళ్లు లెక్క తీశారు. 2024లో 458 మంది ఆటగాళ్లకి బూతులు, బెదిరింపుల పోస్టులు వచ్చాయట, వాటిలో పెద్ద వాటా పందెం కాసి పోగొట్టుకున్నవాళ్లదే. నువ్వు డబుల్ ఫాల్ట్ చేశావ్, వాడి డబ్బు పోయింది, మీ అమ్మని తిడతాడు. ఫోన్ లాక్కోవడం తేలికే. కానీ స్పాన్సర్ ఒప్పందంలో వారానికి ఇన్ని పోస్టులు పెట్టాలని ఉంటుంది. చూడకుండా ఎలా?

బౌండరీ_బాబాయ్ #20
టెన్నిస్ ప్లేయర్ ఒసాకా విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నా. 2021 ఫ్రెంచ్ ఓపెన్‌లో ప్రెస్‌కి రానంది, 15,000 డాలర్ల జరిమానా వేశారు. ప్రెస్‌తో మాట్లాడటం ఉద్యోగంలో భాగం. తనొక్కదానికే మినహాయింపు ఇస్తే ఓడిపోయి వచ్చి మాట్లాడే అమ్మాయికి అన్యాయం కాదా?

అంపైర్_మామ #21
ఇందులో బాబాయ్‌ని పూర్తిగా కొట్టిపారేయలేను. కానీ జరిమానాతో ఆగలేదుగా. ఇలాగే చేస్తే టోర్నీ నుంచే తీసేస్తామని నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ కలిసి బెదిరించాయి. ఆమె తప్పుకుని, 2018 నుంచీ డిప్రెషన్‌తో ఉన్నానని అప్పుడు చెప్పింది. మోకాలికి కట్టుతో వచ్చి "ఇవాళ మాట్లాడలేను" అంటే ఎవరూ నోరెత్తరు. ఈ కట్టు కనబడదు.

లేన్_నాలుగు #22
అన్నీ చదివా. నిన్న చెల్లి దగ్గరికి వెళ్లొచ్చా. డాక్టర్ గారు చెప్పినట్టు నేరుగా అడిగేశా, చేతులు వణికాయి అడుగుతుంటే. అలాంటి ఆలోచన లేదంది, నమ్మాను. తిండి తగ్గించిన మాట నిజమేనట. ఒళ్లు తేలికైతే టైమ్ సెకనులో ఇంకో రెండు పదోవంతులు తగ్గుతుందని ఎవరో అన్నారట. ఎవరో అడిగితే చెప్పలేదు.

ఇంకో మాట అంది. "గోడ తాకగానే అందరూ టైమ్‌తోనే పిలుస్తారు అన్నయ్యా, పేరుతో కాదు." అప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రి తను ఫోన్ చేసినప్పుడు నేనడిగిన మొదటి మాట, "ఎంతలో చేశావ్?"

మూడో_మెట్టు #23
మా నాన్న కూడా అదే అడిగేవారు. ఇప్పటికీ ఫోన్ చేస్తే "ఎంతయింది" అంటారు. కరెంటు బిల్లు గురించి!
చెల్లెలికి ఆడమ్ పీటీ సంగతి చెప్పండి, తనకి తెలిసే ఉంటుంది. 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో వరసగా రెండు ఒలింపిక్ స్వర్ణాలు. 2023లో మనసు బాగాలేదని బ్రిటన్ చాంపియన్‌షిప్స్ వదిలేసుకున్నాడు. పారిస్‌లో సెకనులో రెండు వందో వంతుల తేడాతో స్వర్ణం పోయింది. అయినా సంతోషంగానే ఉన్నానన్నాడు. ఆగినవాళ్లు మునిగిపోరు.

రిటైర్డ్_హర్ట్ #24
"ఆగినవాళ్లు మునిగిపోరు" అని స్విమ్మర్‌కి చెప్పకండి సార్, టెక్నికల్‌గా తప్పు.

బౌండరీ_బాబాయ్ #25
పదహారేళ్లు కోచ్‌గా చేశాను, ఏ ఆటో అనవసరం. ఒక కుర్రాడు "సార్, నిద్ర పట్టట్లేదు" అన్నాడు. ఇంకో నాలుగు రౌండ్లు పరిగెత్తు, పడుతుంది అన్నాను. పరిగెత్తాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు, తగ్గిపోయిందనుకున్నా. తర్వాతి ఏడాది కిట్టు నా గది ముందు పెట్టేసి వెళ్లిపోయాడు. ఎందుకని నేను అడగలేదు. పొద్దున్నుంచీ #11 రెండుసార్లు చదివాను.

గోడమీది_పిల్లి #26
బాబాయ్, ఆ కుర్రాడి నంబర్ ఉందా?

బౌండరీ_బాబాయ్ #27
ఉంది.

తెల్లకోటు #28
లేన్_నాలుగు గారూ, "తేలికైతే" అన్న మాట సంగతి డాక్టర్ దగ్గర తప్పకుండా చెప్పించండి. పక్కన పెట్టే విషయం కాదది. క్రీడాకారుల తిండి సంగతి తెలిసిన డైటీషియన్ కూడా కావాల్సి రావచ్చు.

లేన్_నాలుగు #29
రక్త పరీక్షలు ఇచ్చాం. గురువారం జట్టుతో సంబంధం లేని సైకియాట్రిస్ట్ దగ్గర అపాయింట్‌మెంట్. లోపలికి తనొక్కతే వెళ్తానంది, నేను బయట కూర్చుంటా. కోచ్‌కి నిద్ర సంగతి వరకూ తనే చెప్పింది. పొద్దుటి సెషన్ రెండు వారాలు ఆపేశాడట, ఏమీ అడక్కుండా. #12, #11 ఇద్దరూ సగం సగం గెలిచారు.

సిల్లీ_పాయింట్ #30
వారం సెలవుతో సర్దుకుంటుందని రాసింది నేనే. సిగ్గుగా ఉంది. ఆ పోస్టు తీసేయనా?

లేన్_నాలుగు #31
ఉంచండి. చెల్లి ఈ చర్చంతా చదివింది. నవ్వింది మీ పోస్టులో మొదటి లైన్‌కే.